మనకు వెలుగుతూ కనిపించే చంద్రుడి మీద ఎప్పుడూ పగలే

పెరట్లో నిలబడి తీస్తే చంద్రుడు తెల్లటి మచ్చలా వస్తున్నాడు, చుక్కలు అసలే పడటం లేదు, ఇంకా ఖరీదైన కెమెరా కొనాలా అని అడిగారు. వద్దు. ఆ డబ్బుతో గట్టి ట్రైపాడ్ కొనుక్కోండి.

చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. చంద్రుడి మీదేమో మంచి ఎండ కాస్తోంది! ఎండలో ఉన్న బండరాయిని తీస్తున్నాననుకోండి. లెన్సు రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె ఎఫ్ 11, వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓ 100, షట్టరు తెరిచి ఉండేది సెకనులో వందో వంతు. పౌర్ణమికి ఇది చాలు. అయితే నన్నడిగితే పౌర్ణమినాడు చంద్రుణ్ణి తీయడమే దండగ. ఎండ ఎదురుగా పడటంతో నీడలు ఉండవు, అప్పడంలా చప్పగా వస్తాడు. అష్టమినాడు తీయండి, ఇంకాస్త ఎక్కువ వెలుగు ఇచ్చి. వెలుగూ చీకటీ కలిసే అంచున గుంతల గట్లు ఎలా లేచి నిలబడతాయో చూస్తారు.

చుక్కలకు లెక్క వేరు. చంద్రుడి పక్కనే పాలపుంత మెరిసే ఫోటో చూపించి ఒకే క్లిక్కులో వచ్చిందంటే నమ్మకండి, అది రెండు ఫోటోల అతుకు. చుక్కలకు సెకన్లు కావాలి. 500ని లెన్సు ఫోకల్ లెంగ్తుతో, అంటే దాని మీద రాసి ఉండే మిల్లీమీటర్లతో, భాగించండి; షట్టరు అన్ని సెకన్ల దాకా తెరిచి ఉంచవచ్చు. 50 ఎం.ఎం. లెన్సుకు పది సెకన్లు. అది దాటితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతలవుతాయి. మీ కెమెరాది క్రాప్ సెన్సరైతే, అంటే బొమ్మ పట్టే పలక చిన్నదైతే, ఇంకా తగ్గించాలి.

ఒక చలికాలపు రాత్రి కృత్తికలను తీస్తున్నాను. మొదటి ఇరవై ఫోటోల్లో చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే ఉబ్బి, దూదిపింజల్లా అయ్యాయి. ఫోకస్ జారిందనుకుని రింగు తిప్పాను. ఇంకా పాడైంది. మళ్లీ తిప్పాను. నా కళ్లజోడు తుడుచుకున్నాను, బ్యాటరీని తిట్టాను. గంట గడిచాక టార్చి వేసి చూస్తే లెన్సు ముందు గాజంతా ఊపిరి ఊదిన అద్దంలా మసకగా ఉంది. మంచు! చొక్కా అంచుతో తుడిచాను, అది మరో తప్పు. జిడ్డు అంటుకుంది, నిమిషంలో మళ్లీ కమ్మింది. ఆ గంటలో తీసినవన్నీ చెరిపేశాను. ఇప్పుడు లెన్సుకు పాత మేజోడు తొడిగి, లోపల చేతులు వెచ్చబెట్టుకునే చిన్న ప్యాకెట్టు దోపుతాను. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఫోకస్ విషయంలో లెన్సు మీద చాలా దూరాన్ని సూచించే అనంతం గుర్తును (∞) నమ్మవద్దు. తెర మీద ఒక పెద్ద చుక్కను బాగా పెంచి చూస్తూ, అది అతిచిన్నగా అయ్యేవరకు చేత్తో తిప్పండి. తర్వాత రింగుకు టేపు అంటించండి. షట్టరు వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమరు పెట్టండి.

ఇక పక్కింటి వాళ్ల గోడ మీద తెల్లారేదాకా వెలిగే దీపానికి మాత్రం నా దగ్గర ఏ సెట్టింగూ లేదు. మూడేళ్లుగా అడుగుతున్నాను. మొన్న ఇంకో దీపం పెట్టారు.