ఛాతీ చర్మం బుగ్గకు అతుక్కుంటుందా?

మీ నాన్నగారికి బుగ్గ క్యాన్సర్ అని, ఛాతీ నుంచి ఫ్లాప్ (కండతో కూడిన చర్మం ముక్క) తీసి పెడతామన్నారని, అది అతుక్కుంటుందా అని అడిగారు. అతుక్కుంటుందండి. మా మేనమామకు శుభ్రంగా అతుక్కుంది. ఆయనది ముమ్మిడివరం వైపు లంక. కుడిబుగ్గలో ఖైనీ లేకుండా కొబ్బరితోటలో అడుగుపెట్టి ఎరగడు.

ఉత్త చర్మం కోసి అంటిస్తారని అందరూ హడలిపోతారు. అది కాదు. ఛాతీ కండనీ, దాని మీది చర్మాన్నీ, వాటికి రక్తం తెచ్చే నాళం తెగకుండా, మెడ చర్మం కింద నుంచి నోట్లోకి తెచ్చి కుడతారు. మట్టిగడ్డతో సహా మొక్కను తీసి నాటినట్టు. ముంజేతి నుంచి పూర్తిగా తీసి, మైక్రోస్కోప్ కింద మెడ నాళాలకు కలిపే పద్ధతీ ఉంది. అది పల్చగా కుదురుతుంది, కానీ ఆపరేషన్ టైమ్ ఎక్కువ.

రాత్రిళ్లు నర్సమ్మ వచ్చి టార్చి వేసి నోట్లో ఫ్లాప్ రంగు చూసి, దాన్ని సూదితో చిన్నగా గుచ్చేది. ఎర్రటి చుక్క వస్తే మాకు టెన్షన్ తగ్గేది. పాలిపోయినా, నీలంగా మారినా వెంటనే డాక్టర్‌ని పిలవాలట. మామయ్యకు అక్కడ స్పర్శ లేదు. మాట్లాడలేడు కదా, "ఎవర్ని గుచ్చుతోందిరా?" అని కాగితం మీద రాశాడు.

ఒక సంగతి మాకెవరూ ముందు చెప్పలేదు. ఇంటికొచ్చాక బుగ్గ లోపల వెంట్రుకలు మొలిచాయి! ఛాతీ వెంట్రుకలే మరి. జబ్బు తిరగబెట్టిందని అత్తయ్య ఒకటే ఏడుపు. రేడియేషన్ మొదలయ్యాక అవే రాలిపోయాయి.

ఇక చూడ్డానికొచ్చే చుట్టాలు. సుశ్రుతుడు ఎప్పుడో బుగ్గ చర్మంతో ముక్కు చేశాడని ఒకాయన మంచం పక్కన గంట ఉపన్యాసం, అరచేతిలో ఖైనీ నలుపుకుంటూ! నాకైతే ఆ చెయ్యి విరిచేద్దామనిపించింది.

నన్నడిగితే ఫ్లాప్ గురించి బెంగ అనవసరం. నోరు బిగుసుకుపోకుండా చూసుకోండి, అసలు గొడవంతా అక్కడే. రేడియేషన్ తర్వాత మామయ్యకు ఒక వేలు కూడా పట్టేది కాదు. ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి, కొన్నాళ్లకొకటి పెంచుతూ రోజూ సాగదీయించాం. తిట్టుకుంటూనే చేశాడు. ఇప్పుడు రెండు వేళ్లు పడుతున్నాయి, చేపల పులుసుతో అన్నం తింటున్నాడు, ముళ్లు మాత్రం అత్తయ్య తీసి పెట్టాలి. మీరు ఆపరేషన్‌కి ముందే ఆ వ్యాయామం ఎప్పుడు మొదలెట్టాలో, ఎవరు నేర్పిస్తారో డాక్టర్‌గారిని అడగండి. పుల్లలకు మందుల షాపులన్నీ తిరక్కండి, ఐస్ బండి అబ్బాయిని అడిగితే కట్ట ఇచ్చేస్తాడు.