ఇంటి ముందు వెయ్యి చదరపుటడుగుల లాన్‌కి మూడు కొటేషన్లు వచ్చాయి. ఏది నమ్మాలి?

కొటేషన్ చివర్లో వేసిన మొత్తం ధర సంగతి తర్వాత, ముందు మట్టి లెక్క చూడండి. ధరల్లో తేడా ఎక్కువగా అక్కడే దాక్కుంటుంది. వెయ్యి చదరపుటడుగుల్లో ఆరంగుళాల మందాన ఎర్రమట్టి పరవాలంటే 500 ఘనపుటడుగులు కావాలి. ఒకాయన "రెండు ట్రాక్టర్లు" అని రాశాడనుకోండి. ట్రాలీకి వంద ఘనపుటడుగులు వేసుకున్నా మీకు దక్కేది రెండున్నర అంగుళాల లోపే. దాని కింద ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, కంకర అలాగే ఉంటాయి. వాటిని ఏరి పారబోసే ఖర్చు ఎవరిదో కూడా అడగండి, అదేం చిన్న పని కాదు.

ఉట్టి "లాన్" అని ఉంటే ఒప్పుకోవద్దు. గడ్డి రకం ఏమిటో, పలకలుగా పరుస్తారో, పిలకలు నాటుతారో రాయించండి. నాటడం చవకే గానీ నేలంతా అల్లుకోవడానికి నెలలు పడుతుంది. మొక్కలకైతే ఎత్తు, కవరు సైజు ఉండాలి. కడియం నర్సరీల్లో అడిగి చూడండి, ఒకే మొక్కకు సైజును బట్టి ధర ఎన్ని రెట్లు మారుతుందో!

జీఎస్టీ కలిపారా, చచ్చిన మొక్కలను ఎన్నాళ్లలోపు మార్చి ఇస్తారు అన్నవీ కాగితం మీద ఉండాలి. నేనైతే ఆఖరి విడత డబ్బులు గడ్డి రెండోసారి కోశాకే ఇస్తాను.