టెక్ సందేహాలు: విరిగిన ఒత్తులు, ఉచిత టెంప్లేట్లు

ప్రశ్న: మా మున్సిపాలిటీ కోసం తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం మీద 40 సెకన్ల మోషన్ గ్రాఫిక్ (బొమ్మలు, అక్షరాలు కదిలే వీడియో) చేస్తున్నాను. ‘స్వచ్ఛత’ అన్న మాట ఒక్కో అక్షరంగా ఎగిరొచ్చి కుదురుకునేలా పెడితే ఒత్తులు విడిపోతున్నాయి. ఫాంట్లు మార్చినా అంతే. టెంప్లేట్ ప్యాక్ ఒకటి ఉచితంగా దొరికింది కానీ, ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా? (డిగ్రీ విద్యార్థి, తెనాలి)

వద్దు. యాంటీవైరస్ ఆపకండి, ఆ ఫైల్ తెరవకండి. ఇలాంటి ఉత్తరాలు చాలా ఊళ్ల నుంచి వస్తున్నాయి. చాలామంది ఇన్‌స్టాల్ చేసేశాకే రాస్తున్నారు. అందుకే ముందు దీని సంగతి చెబుతాను, ఒత్తుల గురించి తర్వాత.

టెంప్లేట్ అంటే ప్రాజెక్ట్ ఫైల్, దాంతోపాటు కొన్ని బొమ్మలు, శబ్దాలు. దాన్ని మీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే చాలు, ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు. జిప్ ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్ పక్కనే రాసి ఇచ్చారంటే అనుమానించాల్సిందే. పాస్‌వర్డ్ ఉంటే స్కానర్ లోపల ఏముందో చూడలేదు. అందుకే అలా పెడతారు. ఇలాంటి ప్యాకుల్లో తరచూ దొరికేది సమాచారం దొంగిలించే ప్రోగ్రామ్. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లతోపాటు, మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నట్టు చెప్పే కుకీలను కూడా అది పట్టుకుపోతుంది. ఆ కుకీ చేతికొస్తే చాలాచోట్ల పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు.

మీ ల్యాప్‌టాప్‌లో మున్సిపాలిటీ పేజీ కూడా లాగిన్ అయి ఉందనుకోండి. చెత్త ఆటో ఎన్నింటికి వస్తుందో, నీళ్లు ఏ రోజు రావో జనం నమ్మి చూసే పేజీ అది. దాంట్లోంచి ‘ఇంటి పన్ను ఇక్కడ కట్టండి’ అని ఒక లింక్ వస్తే ఎంతమంది అనుమానిస్తారు? నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. నష్టం మీ ఒక్కరితో ఆగదు.

ఇప్పటికే తెరిచినవాళ్లు ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి ప్రతి ఖాతాలోనూ ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ నొక్కి, ఆ తర్వాతే పాస్‌వర్డ్ మార్చండి. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇందులో తప్పంతా వాడేవాళ్లదే అనను. ఫైల్ పేరు చివర ఉండి, అది ఏ రకం ఫైలో చెప్పే ఎక్స్‌టెన్షన్‌ను (.mp4, .exe లాంటివి) దాచిపెట్టే అలవాటు కంప్యూటర్లలో ఇన్నేళ్లయినా పోలేదు. వీడియో బొమ్మ తగిలించుకున్న ప్రోగ్రామ్ వీడియోలాగే కనిపిస్తుంది. స్క్రీన్ శుభ్రంగా కనబడాలని మనిషికి అవసరమైన ఒకే ఒక్క గుర్తును తీసేయడం బాధ్యత లేని డిజైన్. సెట్టింగ్స్‌లో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా ఈ రోజే మార్చుకోండి.

ఇక ఒత్తులు. ‘స్వచ్ఛత’ మన కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌లో అది ఏడు సంకేతాలు: స, పొల్లు, వ, చ, పొల్లు, ఛ, త. వాటిని ఒక్కొక్కటిగా కదిలిస్తే ఒత్తు దేనికది ఎగిరిపోతుంది. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా భాషలకు మార్చి, కొత్త లేయర్‌లో మళ్లీ టైప్ చేయండి. అప్పటికీ విరిగితే మాటను మాటగానే కదిలించండి. అక్షరాలే కదలాలంటే వెక్టర్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, అవుట్‌లైన్‌గా (టైప్ చేసిన అక్షరాన్ని గీతల బొమ్మగా) మార్చి, ఒత్తును దాని అక్షరంతో కలిపి గ్రూప్ చేసి తెచ్చుకోండి. పాత డీటీపీ ఫాంట్ల జోలికి పోవద్దు, వేరే కంప్యూటర్‌లో అవి ఇంగ్లిష్ గజిబిజిగా మారతాయి. శీర్షికకు రామభద్ర, చిన్న అక్షరాలకు మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు బాగుంటాయి.

మీరు అడగకపోయినా ఇంకో మాట. నవ్వే భూగోళం, మొలుచుకొచ్చే చెట్లు, చేతులూపే చెత్తబుట్ట... ఈ టెంప్లేట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైనప్పటి నుంచి శుభ్రంగా ఉండాలన్న మాట జనం వింటూనే ఉన్నారు. వాళ్లకు తెలియనిది వేరే ఉంది. పాప డైపర్ ఏ బుట్టలో వేయాలి? పగిలిన ట్యూబ్‌లైట్ ఎవరికివ్వాలి? కెమెరా చూపలేనిది చూపడమే మోషన్ గ్రాఫిక్ బలం. శుక్రవారం డ్రై డేనే తీసుకోండి. వారానికోసారి నిల్వ ఉన్న నీళ్లు పారబోయమని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. డెంగీని మోసే ఎడిస్ దోమ గుడ్డు పగిలి, లార్వా అయి, రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. కొబ్బరి చిప్పలో రోజులు లెక్కపెడుతూ, ఆ దశలన్నీ పదిహేను సెకన్లలో చూపించండి. చూసినవాళ్లు ఇంటికెళ్లి కూలర్ కింద ట్రే తీసి చూస్తారు.

తెరంతా రాలే ఆకులు, మెరుపు రేణువులు పెట్టకండి. ప్రతి ఫ్రేమూ మారిపోయే దృశ్యం వాట్సాప్ వీడియో సైజు తగ్గించినప్పుడు మొదట చెదిరిపోతుంది. చదునైన రంగులు నిలబడతాయి. ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట అని రంగును మాత్రమే నమ్ముకోవద్దు. రంగులు సరిగా కనిపించనివాళ్లు ఉంటారు, వీధిలో బుట్టలు వెలిసిపోయి ఉంటాయి. ‘తడి’, ‘పొడి’ అని బుట్ట మీదే పెద్దగా రాయండి. బస్టాండ్ తెర మీద మాట వినబడదు కాబట్టి, ఒక్కో వాక్యాన్ని మీరు రెండుసార్లు నిదానంగా చదువుకునేంతసేపు ఉంచండి.

మున్సిపాలిటీకి ఇచ్చేముందు సౌండ్ తీసేసి, మీ వీధికి వచ్చే చెత్త ఆటో దగ్గర పనిచేసే ఇద్దరికి ఫోన్‌లో చూపించండి. ఏ వస్తువులు రోజూ తప్పు బుట్టలో వస్తున్నాయో వాళ్లు చెబుతారు. భూగోళాన్ని తీసేసి ఆ వస్తువుల బొమ్మలు పెట్టండి.