గోడ మీది ఈజిప్టు బొమ్మలు చదువవుతాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో మమ్మీని చూసి వచ్చినప్పటి నుంచి ప్రాచీన ఈజిప్టు లిపి పిచ్చి పట్టుకుంది. ఇంట్లో అందరి పేర్లూ ఆ బొమ్మలతో రాసి గోడకు అంటించింది. ఇంజినీరింగ్ వద్దు, ఇదే చదువుతానంటోంది. ఇందులో చదువు, ఉద్యోగం ఉన్నాయా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: చదువు ఉంది. ఉద్యోగాలు మాత్రం చాలా తక్కువ. ఆ మాట ముందే అనేసుకుంటే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

గోడ మీది పేర్లు ముచ్చటగానే ఉంటాయి కానీ, ఒక బొమ్మకు ఒక అక్షరం చొప్పున ఇంటర్నెట్‌లో దొరికే పట్టిక ఆ లిపిలో చిన్న ముక్క మాత్రమే. అమ్మాయి చేత ఒక బొమ్మ గీయించండి. కింది వైపు వాకిలి వదిలేసిన దీర్ఘచతురస్రం, అంటే ఇంటి ప్లాను. దాని కింద ఒక నిలువు గీత పెడితే ‘ఇల్లు’. గీత తీసేసి నోటి బొమ్మ, నడుస్తున్న కాళ్ల బొమ్మ చేరిస్తే ‘బయటికి వెళ్లు’. ఇల్లు అనే అర్థమున్న ఈజిప్టు మాటలోని ‘ప’, ‘ర’ హల్లులను ఈ క్రియకు అరువు తెచ్చుకున్నారు. నోరు ఆ ‘ర’ను మరోసారి గుర్తుచేస్తుంది. కాళ్లకు ఉచ్చారణే లేదు, ఇది కదలికకు సంబంధించిన మాట అని చెప్పడమే వాటి పని. అచ్చులు అసలు రాయరు. గుణింతాలు దిద్దుకుంటూ పెరిగిన మనకు ఇదెక్కడి గోల అనిపిస్తుంది. ఇది విని అమ్మాయి ఇంకో మాట అడిగిందా, ఆశ ఉంది. ఆవులించిందా, దాన్ని సరదాగానే ఉండనివ్వండి.

చదవాల్సింది ఈ బొమ్మలొక్కటే కాదు. పపైరస్ (రెల్లులాంటి మొక్కతో చేసిన కాగితం) మీద కలంతో గబగబా రాసుకున్న హైరాటిక్, ఆ తర్వాత వచ్చిన, ఇంకా గొలుసుకట్టుగా ఉండే డెమోటిక్, చివరికి గ్రీకు అక్షరాలకు కొన్ని డెమోటిక్ గుర్తులు కలిపి రాసిన కాప్టిక్. అచ్చులు కనిపించేది ఈ చివరిదానిలోనే. 1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ బొమ్మల లిపి గుట్టు విప్పాడంటే, ఒకే శాసనాన్ని ఈజిప్టు లిపుల్లోనూ గ్రీకులోనూ చెక్కిన రొసెట్టా శిల ఒక్కటే కారణం కాదు, ఆ పాత ఈజిప్టు భాషకే చివరి రూపమైన కాప్టిక్ ఆయనకు బాగా వచ్చు. మా దగ్గరికి వచ్చే పిల్లలు శిల సంగతి చెబుతారు, కాప్టిక్ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక దారి. డిగ్రీ ఇక్కడే చేయించండి, చరిత్ర గానీ భాషాశాస్త్రం గానీ. పీజీ స్థాయిలో భాషాశాస్త్రం ఉస్మానియాలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది. పురావస్తు శాస్త్రానికైతే పుణెలోని దక్కన్ కాలేజీకి మంచి పేరు. ఈజిప్టాలజీ, అంటే ప్రాచీన ఈజిప్టు అధ్యయనంలో పీజీకి మాత్రం ఆక్స్‌ఫర్డ్, లివర్‌పూల్, లైడెన్, షికాగో వంటి చోట్లకు వెళ్లాలి. ఈలోగా జర్మన్ మొదలుపెట్టించండి. ప్రాచీన ఈజిప్టు భాషకు పెద్ద నిఘంటువు బెర్లిన్‌లో తయారైంది, అర్థాలన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. తర్వాత ఫ్రెంచ్.

ఎంపీసీ వృథా అవుతుందని బెంగ వద్దు. కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకి 2009లో తొలి విడతగా 1071 ఈజిప్టు గుర్తులు చేరాయి. ప్రాచీన రాతలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో లెక్కలు, ప్రోగ్రామింగ్ తెలిసినవారికి విలువ ఉంది. శాసనాలు చదవడం మీద నిజంగా మనసుంటే మన బ్రాహ్మి, పాత తెలుగు లిపులు కూడా నేర్చుకోమనండి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు మైసూరులో శాసన విభాగం ఉంది. రెండో కాలు మోపడానికి ఆ నేల కావాలి.

డబ్బు దగ్గర మాత్రం మొహమాటపడకండి. స్కాలర్‌షిప్ వస్తేనే విదేశీ పీజీ. రాకపోతే మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంత తక్కువ ఉద్యోగాలున్న చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టమని నేను చెప్పను.