ఆపరేషన్ కంటే ముందు గోలీల సంగతి చూడు బిడ్డా

దేవరకొండ

చిన్నీ,

నువ్వు మీ అమ్మకి కిడ్నీ ఇస్తానన్నావని నిన్న రాత్రి తనే ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది, వింటూ నేనూ ఏడ్చాను. మీ పెద్దనాయనకి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "దాని చేతులు ఎంత చిన్నగుండేవి" అన్నాడు. నువ్వు పుట్టినప్పుడు నల్లగొండ ఆసుపత్రిలో నిన్ను మొదట ఎత్తుకున్నది ఆయనే.

నేను వద్దనడానికి రాయడం లేదు. పెళ్లి కావలసిన పిల్ల అని మీ నాన్న బెంగపడుతున్నాడట. ఆయన్ని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు, అడగాల్సినవన్నీ అడిగి వింటాడు. పరీక్షలు వాళ్లు చేస్తారు. తల్లీకూతుళ్లమని కమిటీకి కాగితాలు చూపించాలి. అవన్నీ నువ్వు చేసుకోగలవు, చదువుకున్నదానివి.

నా భయం వేరే. ఆపరేషన్ ఒక్క రోజు పని, గోలీలు జీవితాంతం. నీ కిడ్నీ మీ అమ్మ ఒంట్లోకి వెళ్లినా, ఆ ఒంటికి అది పరాయిదే. దాన్ని తరిమేయకుండా ఆపేవి టాక్రోలిమస్, మైకోఫినోలేట్ లాంటి మందులు. పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి, ఒక్క పూట తప్పకూడదు. మీ పెద్దనాయనకి కిడ్నీ మార్చాక ఇవి బయట కొంటే మాకు నెలకు 10 వేలకు తక్కువ కాలేదు. మీ నాన్న జీతంలో అది ఎంత అవుతుందో నీకు తెలుసు. మన రాష్ట్రంలో మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఈ మందులు ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా ఇస్తున్నారు. 2023 డిసెంబర్‌లో వైద్యం ఖర్చు పరిమితిని 10 లక్షలకు పెంచారు. కానీ అదంతా రేషన్ కార్డు మీద ఉన్న పేరుతో నడుస్తుంది. నేను దెబ్బతిన్నది అక్కడే. ఈ సంగతి మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2021లో కొత్త రేషన్ కార్డులు ఇస్తున్నారని మీ అన్న పెళ్లయ్యాక వేరే కార్డుకి దరఖాస్తు పెట్టాడు. మా కార్డులోంచి వాడి పేరు తీసేటప్పుడు మీ పెద్దనాయన పేరు కూడా పోయింది. మాకు తెలియదు. బియ్యం వస్తున్నాయి కదా అని చూసుకోలేదు. పత్తి ఏరే రోజులు. ఆ నెల మందులకు నేనొక్కదాన్నే పొద్దున బస్సెక్కి పట్నం పోయాను. కౌంటర్లో అబ్బాయి కంప్యూటర్ చూసి, "పేరు రావట్లేదమ్మా, కార్డు సరిచేయించుకొని రండి" అన్నాడు. వెనక లైన్ పెద్దగా ఉంది. నాకు మాట పెగల్లేదు. మెట్ల పక్కనే, ఆరోగ్యశ్రీ పనుల్లో సాయం చేసే ఆరోగ్యమిత్ర బల్ల ఉంది, కనిపిస్తూనే ఉంది. అడగలేదు. ఇంకో పేపర్ అడుగుతారేమో, కసురుకుంటారేమో అనుకొని తిరిగి బస్సెక్కాను.

ఆయనకి చెబితే పొలం అమ్ముదామంటాడని చెప్పలేదు. చేతిలో ఉన్న డబ్బుతో కొన్ని గోలీలు కొన్నాను. అవి అయిపోతాయన్న భయంతో పొద్దుటి పూట ఇచ్చి, రాత్రివి డబ్బాలోనే ఉంచాను. పత్తి డబ్బు రాగానే మళ్లీ సరిగా వేద్దామనుకున్నాను. ఆయన నన్ను అడగలేదు చిన్నీ. నేను నీళ్లు ఇచ్చి అటు తిరిగితే, ఖాళీ చెయ్యి చూసుకొని ఊరుకునేవాడు. పదకొండో రోజు చెప్పుల్లో కాళ్లు పట్టలేదు. మూత్రం తగ్గింది. పట్నం తీసుకెళ్తే రక్తంలో 1.3 ఉండాల్సిన క్రియాటినిన్ 3.4 వచ్చింది, కిడ్నీ పని తగ్గితే అది పెరుగుతుంది. మూడు రోజులు స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించారు. కిడ్నీ నిలబడింది గానీ 2.1 దగ్గరే ఆగిపోయింది, ఇప్పటికీ కిందకి రాలేదు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "ఒక్క ఫోన్ చేసుంటే వారానికి సరిపడా ఇక్కడినుంచే ఇచ్చేవాళ్లం కదమ్మా" అంది. ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుంటే కార్డు పని పది రోజుల్లో అయిపోయింది. నేను సిగ్గుపడి వెనక్కి తిరిగిన ఆ ఐదు నిమిషాలకి ఆయన కిడ్నీలో సగం పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా నొప్పి.

అందుకే చెబుతున్నా, కోపంగా చెబుతున్నాననుకున్నా సరే. ఆపరేషన్ తేదీ గురించి మాట్లాడే ముందు మీ సేవకి పోయి మీ రేషన్ కార్డులో అమ్మ పేరు, నీ పేరు ఉన్నాయా, ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా చూడు. తప్పుంటే ఇప్పుడే దిద్దించు. ఆసుపత్రి ఆరోగ్యశ్రీ లిస్టులో ఉంటే చాలదు, కిడ్నీ మార్పిడికి ఉందా అని అడుగు. అనుమతి ముందే రావాలి. తొందరపడి డబ్బు కట్టి, తర్వాత బిల్లులు పెడితే ఆరోగ్యశ్రీ తిరిగి ఇవ్వదు. ఎవరైనా కట్టమంటే 104కి ఫోన్ చెయ్యి. ఊరుకోకు, మీ పెద్దమ్మలా ఊరుకోకు.

మందుల డబ్బా ఎప్పుడూ పది రోజులకి తగ్గనివ్వొద్దు. పది రోజులు మిగిలి ఉండగానే పట్నం పోవాలి, పండగైనా పెళ్లైనా. గోలీ కంపెనీ మారిస్తే డాక్టర్‌కి చెప్పి రక్తంలో మందు ఎంత ఉందో చూపించుకోండి. ఆ రక్తం పొద్దుటి గోలీ వేసుకోకముందే ఇవ్వాలి, మేము రెండుసార్లు వేసుకొని పోయి తిరిగొచ్చాం. పంపర పనస తినొద్దన్నారు. జ్వరమొచ్చిందని పసర్లు తాగించే వాళ్లు ఊర్లో ఉంటారు, మీ అమ్మ మొహమాటానికి తాగుతుంది. నువ్వు ఉండు దగ్గర.

నీ ఒంటి సంగతి కూడా చూసుకో. ఆపరేషన్ తర్వాత రెండు నెలలు బిందె ఎత్తొద్దు. నీళ్లు పట్టడానికి నేనొస్తాను, మీ పెద్దనాయన కూడా వస్తానంటున్నాడు.

ఆదివారం పొద్దున బస్సుకి బయల్దేరుతున్నాను. మీ రేషన్ కార్డు, అందరి ఆధార్లు జిరాక్స్ మూడేసి తీసి ఉంచు. సోమవారం ఇద్దరం కలిసి ఆరోగ్యమిత్ర దగ్గరికి పోదాం.

మీ పెద్దమ్మ