ట్యూబులో ఉంటేనే పీసీఆర్‌లో దొరికేది

ప్రశ్న: 2003లో మా వైపు పిల్లలు మెదడువాపుతో పోయినప్పుడు మొదట దోమలన్నారు, తర్వాత ఇసుక ఈగలన్నారు. అసలు వైరస్‌ను ఎలా తేల్చారు?
- ఒక రిటైర్డ్ టీచర్, కరీంనగర్

జవాబు: ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. మెదడువాపు అనగానే మన దగ్గర ముందు అనుమానం పోయేది దోమకాటుతో వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదికే. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు పిల్లల నమూనాలను ల్యాబ్‌లో పెంచిన కణాల మీద వేసి చూశారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద తుపాకీ తూటా ఆకారం కనిపించింది. జపనీస్ వైరస్ గుండ్రంగా ఉంటుంది. ఈ ఆకారం రేబిస్ కుటుంబానిది. తర్వాత యాంటీబాడీ పరీక్షల్లో చండీపురా అని తేలింది. 1965లో నాగపూర్ దగ్గర జ్వరపీడితుల రక్తంలో పట్టుకున్న పాత వైరసే అది. వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు ఏ వైరస్ కావాలో ముందే చెప్పాలి, చెప్పనిదాన్ని అది వెతకదు. జబ్బేదో తెలియనప్పుడు కణాల పెంపకం లాంటి పాత పద్ధతులే దిక్కవుతాయి.

చండీపురాను మోసుకొచ్చేది ఇసుక ఈగ. అది దోమలో మూడో వంతు ఉంటుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. పిల్ల పురుగులు పెరిగేది నీళ్లలో కాదు, పేడ కలిసిన తడి మట్టిలో. నీటి గుంటలు పూడిస్తే దీనికేమీ కాదు, మట్టిగోడల పగుళ్లు పూడ్చాలి.

ప్రశ్న: మెదడువాపు అనుమానంతో మేం పంపే నమూనాలు కొన్ని తిరస్కరణకు గురవుతున్నాయి, మిగతావి చాలావరకు నెగెటివ్. పొరపాటెక్కడ?
- ల్యాబ్ టెక్నీషియన్, ఏరియా ఆసుపత్రి

జవాబు: ముందు ఫారం తీసి చూడండి. జ్వరం మొదలైన తేదీ రాస్తున్నారా? అది లేకపోతే నెగెటివ్‌కు అర్థమే లేదు. చండీపురాలో చాలామంది పిల్లలు 24 నుంచి 48 గంటల్లోనే పోతారు, జబ్బు మొదట్లో ఒంట్లో పుట్టే ఐజీఎం యాంటీబాడీ తయారయ్యే వ్యవధే ఉండదు. చేర్చుకున్న రోజే నమూనా తీసి పీసీఆర్‌కు పంపాలి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌లో ఇది తలకిందులు. ఫిట్స్ వచ్చేసరికి రక్తంలో వైరస్ దాదాపు ఉండదు, అక్కడ వెన్నుద్రవంలో ఐజీఎం చూడాలి. మొదటి రోజుల్లో నెగెటివ్ వస్తే మళ్లీ తీయాలి.

రక్తం ఎర్రమూత ట్యూబులో తీసి, గడ్డకట్టడానికి అరగంట బయటే ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన ద్రవాన్ని (సీరమ్) స్క్రూమూత వయల్‌లోకి తీశాకే చల్లగా పెట్టాలి. ట్యూబును అలాగే ఫ్రీజర్లో పెడితే ఎర్రకణాలు పగిలి, అందులోని హీమ్ పీసీఆర్ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఆకుపచ్చ మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ చేసే పనీ అదే. వెన్నుద్రవం విషయంలో ఎక్కువ నష్టం వరసలో జరుగుతుంది: ఒకే ట్యూబు కణాల లెక్కకు, బయోకెమిస్ట్రీకి తిరిగి చివరికి పీసీఆర్‌కు వస్తుంది. తీసిన వెంటనే విడిగా ఒక వయల్ పక్కన పెట్టండి.

గొంతు స్వాబ్‌కు నైలాన్ లేదా డాక్రాన్ కొన, ప్లాస్టిక్ పుల్ల వాడాలి. చెక్కపుల్ల, దూది వద్దు. నమూనాలు 2 నుంచి 8 డిగ్రీల్లో 72 గంటల దాకా ఉన్నా ఫరవాలేదు. అంతకు మించితే మైనస్ 70 కావాలి. ఇంట్లో ఫ్రిజ్ పైఅర, మైనస్ 20, అన్నిటికంటే చెడ్డది. కరిగి గడ్డకట్టిన ప్రతిసారీ వైరస్ కొంత పోతుంది. ఇక తిరస్కరణలు: పెన్నుతో రాసిన పేరు ఐసుప్యాక్ తడికి చెరిగిపోతుంది. మార్కర్‌తో రాసి పైన టేపు వేయండి. ఫారాన్ని ట్యూబు పక్కన కాదు, జిప్ కవర్లో విడిగా పెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది. వైరస్‌ల మీద పరిశోధన చేస్తానంటోంది. దారేమిటి, ప్రమాదమా?
- గృహిణి, తెనాలి

జవాబు: పరిశోధన ఫెలోషిప్ కోసం సీఎస్‌ఐఆర్ నెట్ లేదా ఐసీఎంఆర్ జేఆర్ఎఫ్ పరీక్ష రాయించండి. ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. పీహెచ్‌డీకి అయిదేళ్లనుకోండి. ల్యాబ్‌లకు బీఎస్ఎల్ అనే భద్రతా స్థాయిలుంటాయి, అంకె పెరిగేకొద్దీ జాగ్రత్త ఎక్కువ. ఎక్కువ పని బీఎస్ఎల్-2 ల్యాబ్‌లోనే. నిపా లాంటివాటికే బీఎస్ఎల్-4. చేరేలోపు మెడికల్ కాలేజీ వైరాలజీ ల్యాబ్‌లో ఒక డెంగీ సీజన్ గడిపితే మంచిది. ఇంకొకటి, ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్ మీద చెయ్యి కుదరాలి. 10 మైక్రోలీటర్ల నీళ్లు 10 మిల్లీగ్రాములు తూగాలి. వరసగా పదిసార్లు తూచి చూసుకోమనండి. అది 8కీ 12కీ మధ్య ఊగుతుంటే ఇంకా ఒక నెల సాధన కావాలి.