డిలే అనాలిసిస్‌లోకి వెళ్లాలంటే ముందు లా చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. నిర్మాణం ఆలస్యమైతే కాంట్రాక్టరుకు ఎన్ని రోజుల అదనపు గడువు ఇవ్వాలో తేల్చే పనిలోకి వెళ్తానంటోంది. అది లాయర్లు చేసే పని కాదా? డిగ్రీ అవ్వగానే లా చదివించమంటారా?

జవాబు: లా ఇప్పుడే వద్దండి. కాంట్రాక్టు క్లాజుకు అర్థం చెప్పేది లాయరే. కానీ ఆలస్యం ఎక్కడ మొదలైంది, దానివల్ల పని ముగిసే తేదీ ఎన్ని రోజులు వెనక్కి జరిగింది అన్నది తేల్చేది ఇంజినీరు. మీ అమ్మాయి అడుగుతున్నది ఈ రెండో పని.

ఒక లెక్క చూడండి. క్లయింటు ఇవ్వాల్సిన డ్రాయింగులు 20 రోజులు ఆలస్యంగా వచ్చాయనుకుందాం. కాంట్రాక్టరు 20 రోజులూ కావాలంటాడు. ప్రోగ్రామ్ (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో చూపే షెడ్యూలు) తెరిస్తే, ఆ డ్రాయింగులతో మొదలుకావాల్సిన పనికి 12 రోజుల ఫ్లోట్ కనిపిస్తుంది. అంటే ఆ పని 12 రోజులు ఆగినా ప్రాజెక్టు ముగింపు తేదీ కదలదు. మామూలుగా అయితే ఇక మిగిలేది 8 రోజులే. అయితే సరిగ్గా ఆ 8 రోజుల్లో కాంట్రాక్టరు తెప్పించాల్సిన స్టీలు కూడా సైట్‌కు రాలేదని స్టోర్ రిజిస్టరు చెబుతోంది. ఇప్పుడు ఆలస్యం ఎవరి ఖాతాలో వేయాలి? ఇలా ఇరుపక్షాల ఆలస్యాలూ ఒకేసారి రావడాన్నే కాంకరెంట్ డిలే అంటారు. ఇంగ్లండ్‌లో 1999 నాటి మాల్‌మైసన్ కేసు నుంచి ఇలాంటప్పుడు గడువు ఇవ్వాలనే వైపే మొగ్గు ఉంది. స్కాట్లాండ్‌లో 2010 నాటి సిటీ ఇన్ తీర్పు మాత్రం ఆలస్యాన్ని ఇరుపక్షాలకూ పంచవచ్చంది. గడువు దొరికితే ఆ రోజులకు లిక్విడేటెడ్ డ్యామేజెస్ (ఆలస్యానికి కాంట్రాక్టులో ముందే రాసుకున్న పరిహారం) కట్టక్కర్లేదు. అదనపు ఖర్చు వస్తుందా అన్నది వేరే వాదన. గడువు వచ్చినంత మాత్రాన డబ్బూ వచ్చినట్టు కాదు.

ఈ లెక్కంతా నిలబడేది సైట్ కాగితాల మీద. డైలీ రిపోర్టులో 'పని నెమ్మదిగా సాగుతోంది' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'రెండో అంతస్తు స్లాబు సెంట్రింగ్ ఆగింది, బీమ్ డ్రాయింగు రాలేదు, 14 మంది ఖాళీగా ఉన్నారు' అని అదే రోజు రాసి ఉంటే అది సాక్ష్యం. నోటీసు సంగతీ అంతే. 1999 నాటి ఫిడిక్ రెడ్ బుక్ (అంతర్జాతీయంగా వాడే ప్రామాణిక నిర్మాణ కాంట్రాక్టు) ప్రకారం కారణం తెలిసిన, లేదా తెలియాల్సిన రోజు నుంచి 28 రోజుల్లో నోటీసు ఇవ్వకపోతే అదనపు గడువు అడిగే హక్కే పోతుంది. న్యాయం తమవైపు ఉన్నా ఒక ఉత్తరం రాయనందుకు గడువు పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది. అందుకే సైట్ తెలియనివాళ్లు ఈ పనిలో రాణించలేరని గట్టిగా చెబుతాను.

కాబట్టి డిగ్రీ కాగానే అమ్మాయిని ప్లానింగ్ ఇంజినీరుగా చేరనివ్వండి. మూడు నాలుగేళ్లు బేస్‌లైన్ ప్రోగ్రామ్ (మొదట్లో వేసుకునే అసలు షెడ్యూలు) తయారుచేసి, నెలనెలా అప్‌డేట్ చేసి, సైట్‌కు వెళ్లి సరిచూసుకోవాలి. ప్రైమవేరా ఎలాగూ వస్తుంది. ఏ పని అయ్యాక ఏ పని మొదలవ్వాలో తెలియకపోతే మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ తప్పుడు తేదీలే చూపిస్తుంది. తర్వాత అదనపు గడువు, ఖర్చు వాదనలు చూసే క్లెయిమ్స్ విభాగానికి మారవచ్చు. ఏఏసీఈ సంస్థ ప్లానింగ్, షెడ్యూలింగ్ నిపుణులకు ఇచ్చే పీఎస్‌పీ సర్టిఫికేషన్ అప్పుడు పనికొస్తుంది. కన్‌స్ట్రక్షన్ లా మాస్టర్స్ కూడా ఆ దశలో, ఉద్యోగం చేస్తూ చదివితేనే తలకెక్కుతుంది.

ఒక్క విషయం మాత్రం అమ్మాయితో ముందే మాట్లాడండి. ఫీజు ఇచ్చేవాళ్లు 60 రోజులు కావాలంటారు, రికార్డు 25 రోజులకే ఒప్పుకుంటుంది. ఆ మాట వాళ్ల ముఖం మీద చెప్పగలగాలి. ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తుల ట్రిబ్యునల్ ముందు జరిగే విచారణలో) నిపుణ సాక్షిగా కూర్చుంటే బాధ్యత ట్రిబ్యునల్‌కే గానీ, ఫీజు ఇచ్చినవారికి కాదు.

ఈ సెమిస్టర్‌లోనే పరీక్షించుకోవచ్చు. ప్రాజెక్టు వర్క్‌లోని బార్ చార్టులో ఏ పని తర్వాత ఏ పనో చూపే లింకులు పెట్టి, ఒక పనిని పది రోజులు ఆలస్యం చేసి, ముగింపు తేదీ ఎందుకు మారిందో, లేదా ఎందుకు మారలేదో ఒక పేజీలో రాయమనండి. అది ఇష్టంగా చేస్తే, సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా వారి డిలే అండ్ డిస్రప్షన్ ప్రోటోకాల్ 2017 ఎడిషన్ చదవమనండి. ఉచితంగానే దొరుకుతుంది. అందులో ఆరు విశ్లేషణ పద్ధతులున్నాయి. ఆలస్యాన్ని ప్రోగ్రామ్‌లో చేర్చి ముగింపు తేదీ ఎంత కదిలిందో చూసే టైమ్ ఇంపాక్ట్ అనాలిసిస్‌తో మొదలుపెడితే చాలు.